గోడ ప్లేటు దగ్గర ఆగిన 18 వోల్టులు: అనంతపురంలో ఒక ఇంటి డీటీహెచ్ వైరింగు

ఇరవై ఏళ్లకు దగ్గరగా ఇళ్లలో టీవీ, ఫోను, నెట్ వైరింగు పనులు చేస్తున్న నేను ఈ కేసును రాసి పెట్టడానికి ముఖ్య కారణం ఇందులో నేను చేసిన రెండు పొరపాట్లు. మొదటిది ప్లేటు ఎంపికలో జరిగింది, రెండవది కొలత తీయడంలో జరిగింది. ఆ ఇంటిని, అక్కడి మనుషులను, డీటీహెచ్ కంపెనీని, సాకెట్ల తయారీదారును గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు. వాటి అవసరం కూడా ఇక్కడ లేదు.

ఇల్లు, దానిలోని పాత వైరింగు

అనంతపురం పట్టణంలో, నేను వెళ్లేనాటికి రెండేళ్ల ముందు కట్టిన రెండంతస్తుల ఇల్లు అది. యజమాని విశ్రాంత ఉద్యోగి. గోడలు లేపేటప్పుడే ఎలక్ట్రీషియన్ నాలుగు గదులలో టీవీ పాయింట్లు పెట్టి, మిద్దె మీద నుంచి పైపులో ఒకే ఒక్క కేబుల్‌ను దింపి, దానిని కింది హాలు సాకెట్‌కు, అక్కడి నుంచి పక్క గదికి, అక్కడి నుంచి మళ్లీ పై అంతస్తుకు లూపుగా కలిపాడు. కేబుల్ టీవీ కాలంలో ఈ పద్ధతి చక్కగా నడిచింది. ఆ సిగ్నల్ 47 నుంచి 862 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, వీధిలోని యాంప్లిఫయర్‌కు కరెంటు వేరే దారిలో అందుతుంది, ఇంట్లోని సాకెట్ చేయవలసిన పని సిగ్నల్‌లో కొంత భాగాన్ని తీసుకొని మిగిలినదాన్ని తరువాతి గదికి పంపడం మాత్రమే. అందుకోసమే ఆ సాకెట్ల వెనుక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద కెపాసిటర్లు, రెసిస్టర్లు ఉంటాయి. ముందువైపు చూస్తే గుచ్చే రకం టీవీ పిన్నుకు సరిపోయే గుండ్రటి రంధ్రం తప్ప మరేమీ కనిపించదు.

ఎలక్ట్రీషియన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. స్విచ్చులు ఏ కంపెనీవైతే ఆ కంపెనీ టీవీ సాకెట్‌నే, ఆ రంగులోనే తెమ్మని ఇంటివారు చెబుతారు. కొట్లో అడిగితే ఇచ్చేది కూడా అదే.

ఫిర్యాదు

ఇంటివారు డీటీహెచ్ తీసుకొని, హాలులో ఒక బాక్సు, పై గదిలో ఒక బాక్సు పెట్టించుకున్నారు. హాలు బాక్సును గోడ సాకెట్‌కు తగిలించిన రోజు నుంచి "సిగ్నల్ లేదు" అన్న సందేశం తప్ప మరేదీ రాలేదు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు డిష్‌ను రెండుసార్లు తిప్పి చూసి, దాని ముందు ఉండి సిగ్నల్‌ను అందుకొని కేబుల్‌లోకి పంపే ఎల్‌ఎన్‌బీ మార్చి, చివరకు గోడలోని వైరును వదిలేసి కిటికీలో నుంచి కొత్త కేబుల్‌ను హాలులోకి లాగాడు. బొమ్మ వచ్చింది. పై గదికి మిద్దె మీదే కేబుల్ టీవీ వాళ్ల స్ప్లిటర్ పెట్టి మరొక తీగ ఇచ్చాడు. అప్పటి నుంచి ఒక వింత మొదలైంది. కింద కొన్ని ఛానళ్లు చూస్తున్నంతసేపు పైన కొన్ని ఛానళ్లు పోయేవి, కింద ఛానల్ మారిస్తే పైన తిరిగి వచ్చేవి. కింద వార్తలు పెడితే పైన సీరియల్ ఆగిపోతుండడంతో ఇంట్లో వాదన పెరిగింది.

నేను వెళ్లిన రోజు యజమాని అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "డిష్ తిప్పినారు, ఎల్‌ఎన్‌బీ మార్చినారు, కిటికీలో వైరు ఏసినారు. ఇంగ గోడ ఒకటే మార్చలేదు నాయనా." ఆయన వెటకారంగా అన్నారు కానీ, మార్చవలసినది అక్షరాలా గోడలోనే ఉంది.

మొదటి రోజు నా ఆలోచన

రెండు బాక్సుల మధ్య గొడవకు కారణం చెప్పడం సులభం. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి కరెంటు సెట్‌టాప్ బాక్సు నుంచే, అదే కోయాక్సియల్ కేబుల్ లోపలి తీగ మీదుగా వెళుతుంది. బాక్సు 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ ఒక పోలరైజేషన్‌లోని (అంటే తరంగం ఊగే దిశలోని) ఛానళ్లను, 18 వోల్టులు పంపితే రెండవ పోలరైజేషన్‌లోని ఛానళ్లను కిందికి దింపుతుంది. ఒకే అవుట్‌పుట్ ఉన్న ఎల్‌ఎన్‌బీకి రెండు బాక్సులను స్ప్లిటర్‌తో కలిపితే ఎక్కువ వోల్టేజీ పంపిన బాక్సు మాటే చెల్లుతుంది. కింద 18 వోల్టుల ఛానల్ పెట్టారంటే పైన 13 వోల్టుల ఛానళ్లన్నీ పోతాయి. దీనికి మందు స్ప్లిటర్ మార్చడం కాదు, రెండు అవుట్‌పుట్‌లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టి ఒక్కొక్క బాక్సుకు మిద్దె దాకా సొంత కేబుల్ ఇవ్వడం. అందుకు గోడల్లోని పైపులు ఖాళీగా ఉన్నాయా అన్నదే ప్రశ్న. అదృష్టవశాత్తు పై గదికి మిద్దె నుంచి నేరుగా మరొక పైపు ఉంది, ఇంటర్నెట్ కోసం వదిలిపెట్టినది.

హాలు సాకెట్ విషయంలో ఒక్క మల్టీమీటర్ కొలతతో సంగతి తేలింది. బాక్సు నుంచి సాకెట్ ముఖం దాకా 18.2 వోల్టులు వస్తున్నాయి. ప్లేటు విప్పి వెనుకవైపు కేబుల్ తీగ మీద మీటరు పెడితే సున్నా. మధ్యలో ఉన్నది ఆ చిన్న బోర్డు. కెపాసిటర్ సిగ్నల్‌ను దాటనిస్తుంది, డీసీ కరెంటును ఆపేస్తుంది. కేబుల్ టీవీలో అది రక్షణ, డీటీహెచ్‌లో అది తాళం. డిష్ ఎంత సరిగ్గా తిప్పినా, ఎల్‌ఎన్‌బీని ఎన్నిసార్లు మార్చినా ఆ ఇంట్లో ఉపయోగం లేకపోవడానికి కారణం, ఎల్‌ఎన్‌బీ అసలు వెలగకపోవడమే.

వోల్టేజీ ఒక్కటే అడ్డం అనుకొని కొందరు బోర్డు తీసేసి తీగలను నేరుగా అతికిస్తారు. నేను చేయలేదు. ఉపగ్రహం నుంచి వచ్చే 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ తరంగాలలో నుంచి యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ 9.75 లేదా 10.6 గిగాహెర్ట్జ్‌ను తీసివేసి కిందికి పంపేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ సాకెట్ వెనుక అచ్చు వేసి ఉన్న హద్దు 862. అంటే దాని పని ముగిసిన చోట మన పని మొదలవుతుంది. బోర్డు పీకినా ఆ గుచ్చే రకం పిన్ను, దాని వదులైన పట్టు అలాగే ఉంటాయి.

నేను వేసిన మొదటి ప్లేటు

ఇక్కడే నేను తొందరపడ్డాను. ట్విన్ ఎల్‌ఎన్‌బీ బిగించి, పై గదికి డిష్‌లకు వాడే రకం కొత్త ఆర్‌జీ-6 కేబుల్ లాగి, హాలు పైపులోని లూపును తెంచి నేరుగా మిద్దెకు కలిపాను. అంతవరకు సరిగానే ఉంది. ప్లేట్ల కోసం ముందువైపు మర ఉన్న ఎఫ్ సాకెట్లు, స్విచ్చుల రంగుకు సరిపోయేవి తెచ్చాను. వాటి వెనుక బోర్డు లేదు. కేబుల్ లోపలి తీగను ఒక స్క్రూ కింద, చుట్టూ ఉండే జాలీని ఒక చిన్న క్లిప్పు కింద బిగించాలి. మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ పూర్తిగా దాటుతోంది. రెండు టీవీల్లోనూ అన్ని ఛానళ్లూ వచ్చాయి. అది ఏప్రిల్. డబ్బు తీసుకొని వచ్చేశాను.

ఆ రోజు నేను చూసి కూడా పట్టించుకోని సంగతులు మూడు. స్క్రూ దాకా చేరడానికి కేబుల్‌ను దాదాపు రెండు సెంటీమీటర్ల మేర ఒలవవలసి వచ్చింది. 2150 మెగాహెర్ట్జ్ దగ్గర కేబుల్‌లో తరంగం పొడవు సుమారు 11.6 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అంటే నేను నగ్నంగా వదిలిన తీగ ఆ నాలుగో వంతుకు దగ్గరగా వచ్చింది, అంత దూరం, కేబుల్ అంతటా ఒకేలా ఉండవలసిన 75 ఓముల లెక్క (ఇంపెడెన్స్) తప్పి సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది. 200 మెగాహెర్ట్జ్ కేబుల్ టీవీకి ఆ రెండు సెంటీమీటర్లు లెక్కలోకే రావు, అందుకే పాత చేతులకు ఆ అలవాటు పోదు. రెండవది, ఆ కేబుల్ లోపలి తీగ పూర్తి రాగి కాదు, రాగి పూత ఉన్న ఉక్కు. స్క్రూ కొస దాని మీద గీత పెడితే ఉక్కు బయటపడుతుంది. మూడవది, మిద్దె మీద పైపు నోరు ఆకాశం వైపు తెరిచి ఉంది.

అక్టోబరు వాన

అనంతపురంలో వాన గురించి రాస్తే చదివేవారు నవ్వుతారేమో. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడే ఊరు మాది. కానీ పడేదానిలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరులలోనే పడుతుంది, అదీ ఒక్కోసారి రెండు రోజుల్లో. ఆ అక్టోబరులో రెండు రాత్రులు గట్టిగా కురిసిన వారానికి ఆ ఇంటి నుంచి ఫోను వచ్చింది. పై గదిలో సగం ఛానళ్లు లేవు.

సగం ఛానళ్లు పోవడం అంటే 18 వోల్టులు అందడం లేదని మొదటి రోజే తెలిసినవాణ్ని. కాబట్టి మిద్దె ఎక్కి, ఎల్‌ఎన్‌బీ నుంచి కేబుల్ విప్పి, కొసన మీటరు పెట్టాను. 18.1 వోల్టులు. కేబుల్, ప్లేటు బాగున్నాయని తేల్చుకొని, తప్పు ఎల్‌ఎన్‌బీదేనని దానిని మార్చాను. నా కంటే ముందు వచ్చినవారు చేశారని మనసులో నవ్వుకున్న పనినే నేనూ చేశాను. మార్పేమీ లేదు.

మీటరు అబద్ధం చెప్పలేదు, నేను దానిని తప్పు ప్రశ్న అడిగాను. మల్టీమీటర్ దాదాపు కరెంటు తీసుకోదు. కరెంటు పారకపోతే తుప్పు పట్టిన జాయింటు దగ్గర కూడా వోల్టేజీ తగ్గదు. ఎల్‌ఎన్‌బీ తగిలించాక 100 నుంచి 150 మిల్లీఆంపులు పారినప్పుడే ఆ జాయింటు తన గుణం చూపిస్తుంది. సంచిలో 150 ఓముల, 5 వాట్ల రెసిస్టర్ ఉంది. దానిని ఒక ఎఫ్ కనెక్టర్‌కు అతికించి, ఎల్‌ఎన్‌బీ స్థానంలో బిగించి కొలిస్తే 15.1 వోల్టులు. అంటే దారిలో ఎక్కడో దాదాపు 30 ఓముల అడ్డు ఉంది. ఉక్కు తీగ ఉన్న ఆర్‌జీ-6 కేబుల్ పద్నాలుగు మీటర్లకు రెండు ఓములకు మించి ఉండదు కాబట్టి కేబుల్ పొడవును అనుమానించే పని లేదు. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ సాధారణంగా 11.5 నుంచి 14 వోల్టులను ఒక రకంగా, 16 నుంచి 19 వోల్టులను ఇంకొక రకంగా అర్థం చేసుకుంటుంది, నడుమ ఉన్నదాన్ని ఎటైనా అనుకోవచ్చు. మా 15.1ని అది 13గానే లెక్కించింది. మరి 13 వోల్టుల ఛానళ్లు ఎలా వచ్చాయంటే, అప్పుడు పైన మిగిలింది 11 చిల్లర, ఎల్‌ఎన్‌బీ లోపలి రెగ్యులేటర్‌కు అంత చాలింది.

ప్లేటు విప్పితే డబ్బా అడుగున తడి ఇసుక. మిద్దె మీది పైపు నోటిలో పడిన వాన నీరు పైపు వెంట దిగి సాకెట్ వెనుక చేరింది. స్క్రూ నొక్కిన చోట తీగ చుట్టూ ఎర్రటి తుప్పు ఉంగరంలా కట్టింది. తీగను గోటితో వంచితే విరిగి చేతిలోకి వచ్చింది.

రెండవసారి ప్లేటు ఎంచుకోవడం

ఈసారి కొట్టుకు వెళ్లే ముందు, ప్లేటు నాకు ఏమేమి చేయాలో కాగితం మీద రాసుకున్నాను. 13, 18 వోల్టులను ఏమాత్రం తగ్గించకుండా పోనివ్వాలి. 2150 మెగాహెర్ట్జ్ దాకా 75 ఓములుగానే ఉండాలి. కేబుల్‌కు ఎక్కడా స్క్రూ తగలకూడదు. మూడింటినీ తీర్చే ప్లేటు ఆ స్విచ్చుల కంపెనీ రకాలలో మా ఊళ్లో దొరకలేదు.

అసలు ప్లేటే వద్దని, రంధ్రంలో నుంచి కేబుల్‌ను నేరుగా బాక్సుకు ఇద్దామని కూడా ఆలోచించాను. సిగ్నల్ పరంగా అంతకన్నా మంచిది లేదు. అయితే టీవీ ముందుకు లాగిన ప్రతిసారీ, దుమ్ము తుడిచిన ప్రతిసారీ లాగుడు పడేది గోడలోని కేబుల్ మీద. పైపులో మలుపులు నాలుగున్నాయి, కేబుల్ పాడైతే మళ్లీ లాగడం కష్టం. గోడ దగ్గర విప్పి మార్చగల ఒక భాగం ఉండాలని నిశ్చయించుకొని, స్విచ్చు లేని చోట మూతగా పెట్టే ఖాళీ డమ్మీ మాడ్యూల్‌కు 10 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అందులో నుంచి ఎఫ్-81 జాయింటర్‌ను దూర్చి నట్టు బిగించాను. ముందూ వెనుకా రెండు వైపులా ఎఫ్ కనెక్టర్లే, స్క్రూ కింద నలిగే తీగ ఎక్కడా లేదు. అరిగిపోతే మార్చవలసింది రెండు టీల ఖర్చుతో వచ్చే జాయింటర్ ఒక్కటే. స్విచ్చుల రంగు డమ్మీ కాబట్టి ఇంటావిడకు కూడా అభ్యంతరం లేకపోయింది.

జాయింటర్లన్నీ ఒకటి కావు. 1 గిగాహెర్ట్జ్ దాకా పనికొచ్చేవీ, 3 గిగాహెర్ట్జ్‌కు చేసినవీ ఒకే డబ్బాలో కలిపి అమ్ముతారు. లోపలి ప్లాస్టిక్ నీలంగా ఉంటే 3 గిగాహెర్ట్జ్‌దని చాలామంది తయారీదారులు పాటిస్తారు కానీ రంగును నమ్మి కొనడం నాకు ఇష్టం లేదు. ఆర్‌జీ-6 లోపలి తీగ ముక్కను, అంటే మిల్లీమీటరు మందం ఉన్నదాన్ని, జాయింటర్‌లో గుచ్చి తలకిందులుగా పట్టుకుంటాను. తీగ తన బరువుకే జారిపడితే ఆ జాయింటర్ పక్కకు వెళుతుంది. ఆ రోజు కొన్న పన్నెండులో మూడు అలా పోయాయి.

కనెక్టర్ల విషయంలో తిప్పి ఎక్కించే రకాన్ని మానేసి, పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకం వాడాను. లోపలి తెల్లటి నురుగు పొర కనెక్టర్ అడుగుతో సమంగా ఉండాలి, తీగ అంచు కన్నా మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి, జాలీలోని ఒక్క పోగు కూడా తీగ వైపు రాకూడదు. పోగు తగిలితే బాక్సు నుంచి వచ్చే 18 వోల్టులు అక్కడే షార్టు అవుతాయి. ఈ పనులు చేసేటప్పుడు బాక్సు ప్లగ్గు పీకి ఉంచాలని చెప్పడం అనవసరం అనిపించవచ్చు. ఎర్తు లేని రెండు పిన్నుల అడాప్టర్ మీద నడిచే బాక్సు కేబుల్‌ను మిద్దె మీద తడి కాళ్లతో పట్టుకొని జివ్వుమన్నవారికి ఆ మాట వేరుగా వినిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది డబ్బా లోతు. ఆర్‌జీ-6 ఏడు మిల్లీమీటర్ల లావు ఉంటుంది, దానికి పది రెట్ల కన్నా బిగుతుగా, అంటే ఏడు సెంటీమీటర్ల కన్నా చిన్న వంపుగా, వంచకూడదు. గోడలోని డబ్బా లోతు 50 మిల్లీమీటర్లు. ప్లేటు వెనుక జాయింటర్ సగం, దాని మీద కనెక్టర్ కలిసి 35 మిల్లీమీటర్లు తింటాయి. మిగిలిన ఒకటిన్నర సెంటీమీటర్లో కేబుల్ తొంభై డిగ్రీలు తిరగాలి. బలవంతంగా ప్లేటు నొక్కితే మూసుకుంటుంది, మూసుకుంది కాబట్టి బాగుందనుకుంటాం, లోపల నురుగు నలిగి తీగ ఒక పక్కకు జరుగుతుంది. హాలులో గోడ తొమ్మిది అంగుళాలది కావడంతో 75 మిల్లీమీటర్ల డబ్బా కూర్చోబెట్టి, పైపు వచ్చే చోట కొంత చెక్కి వంపుకు చోటు ఇచ్చాను. పై గది గోడ నాలుగున్నర అంగుళాలదే, అక్కడ చెక్కితే అవతలి స్నానాల గది టైల్స్ కదులుతాయి. అందుకని పాత డబ్బా మీదే గోడ పైకి వచ్చే సర్ఫేస్ బాక్సు ఒకటి బిగించాను. అది ఉబ్బెత్తుగా ఉంటుందని యజమాని మొదట ఒప్పుకోలేదు. పాత కేబుల్‌లో నలిగిన ముక్కను కోసి, మధ్య నుంచి తప్పుకున్న తీగను చూపించాక, టీవీ వెనుక కనిపించదులే అన్నారు.

పాత టీవీ సాకెట్ 230 వోల్టుల ప్లగ్గుతో పాటు ఒకే డబ్బాలో ఉండేది. ప్లేటు మీద ఇప్పుడు ముట్టుకోగల లోహపు మర ఉంది కాబట్టి రెండింటినీ విడదీసి టీవీకి వేరే డబ్బా ఇచ్చాను. మిద్దె మీద పైపు నోటికి కిందికి చూసే వంపు ముక్క అతికించి, కేబుల్‌ను లోపలికి పంపే ముందు కిందికి వేలాడేలా ఒక చుట్టు వదిలాను, నీరు ఆ చుట్టు అడుగు నుంచి కారిపోతుంది. డిష్ స్తంభానికి ఎర్తు కూడా ఇచ్చాను.

అదే రెసిస్టర్‌తో కొలిస్తే పై గది కేబుల్ కొసన 17.9 వోల్టులు. ఆ తరువాత రెండు అక్టోబర్లు గడిచాయి, ఛానళ్ల విషయమై ఫోను రాలేదు.

అప్పటి నుంచి మారిన నా పద్ధతి

టీవీ పాయింటు అని ఎవరైనా చెప్పగానే, ఏ టీవీ అని అడుగుతున్నాను. కేబుల్ ఆపరేటర్‌దా, డిష్‌దా, నెట్‌దా అన్నదాన్ని బట్టి ప్లేటు మారుతుంది. డిష్ అయితే ఒక్కొక్క గదికి మిద్దె దాకా సొంత పైపు, మధ్యలో లూపు లేదు. కొత్త ఇళ్లలో ఇటుక పని జరిగేటప్పుడే 75 మిల్లీమీటర్ల డబ్బా పెట్టమని మేస్త్రీకి చెప్పి వస్తాను, ప్లాస్టరింగు అయ్యాక చెబితే ఎవరూ వినరు. నాపరాతి గోడల పాత మిద్దె ఇళ్లలో చెక్కడం మాట మానేసి, మొదటి నుంచే సర్ఫేస్ బాక్సు, గోడ మీద కేసింగు అని ఖరారు చేసుకుంటాను. కొలత తీసే ప్రతిచోటా రెసిస్టర్ తగిలించే తీస్తున్నాను.

ఆ ఇంట్లో మిగిలిన రెండు టీవీ పాయింట్లకు ఉత్త డమ్మీలే పెట్టాను. మూడో బాక్సు తెచ్చుకుంటే నాలుగు అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ కావాలి, మిద్దె నుంచి ఇంకొక కేబుల్ దిగాలి. ఈ సంగతి డమ్మీ వెనుక చీటీ మీద రాసి అతికించాను, నా తరువాత ఎవరు విప్పినా కనబడుతుంది.